తొలి పడవ: తీరజలాల వేటలో కొత్త యజమాని తెలుసుకోవలసిన సంగతులు

నర్సీపట్నానికి చేరువలో, నాతవరం మండలంలో తాండవ జలాశయం ఉంది. కనుమల నుంచి దిగివచ్చే ఆ నీరు పొలాలను తడిపి, మిగిలినది తుని, పాయకరావుపేటల నడుమగా సాగి పెంటకోట వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. జలాశయంలో తెప్పపై కూర్చుని వల వేసే మనిషీ, పెంటకోట ఇసుకపై నుంచి పడవను కెరటాల్లోకి తోసే మనిషీ ఒకే నది రెండు కొసల వద్ద బ్రతుకుతున్నారు. అయితే వారి విద్యలు రెండూ ఒకటి కావు. జలాశయంలో గాలి లేచినప్పుడు మనిషి ఒడ్డుకు వస్తాడు. సముద్రంలో ఎక్కువ ప్రమాదం పొంచి ఉండేది ఆ ఒడ్డు దగ్గరే.

చిరకాలం నర్సీపట్నం రెవెన్యూ డివిజనులో భాగంగా ఉన్న పాయకరావుపేట, నక్కపల్లి మండలాల తీరమంతా ఇసుక తీరమే. పెంటకోట, రాజయ్యపేట వంటి ఊళ్ళలో మత్స్యకారులు పడవలను ఇసుకపై నుంచి నీటిలోకి తోసి, వేట ముగిశాక మళ్ళీ ఇసుకపైకి లాగుతారు. విశాఖపట్నం హార్బరులో ఇతరుల బోట్లపై కలాసీలుగా ఏళ్ళతరబడి పనిచేసి, కొంత కూడబెట్టి, సొంత ఊరిలో చిన్న ఫైబరు పడవ కొనుక్కొనే యువకులు ఈ తీరంలో ఉన్నారు. వారికి వల వేయడం తెలుసు, చేప తెలుసు. యజమానిగా నిర్ణయం తీసుకోవడం మాత్రం కొత్త. ఈ వ్యాసంలోని సంగతులు ప్రధానంగా అటువంటి వారిని ఉద్దేశించినవి.

ఆ నిర్ణయాలలో మొట్టమొదటిది, అన్నిటికంటె కష్టమైనది ఒకటే: ఏ రోజు వేటకు వెళ్ళకూడదో తేల్చుకోవడం. పడవ ఎంపిక, అప్పు, ఇంజను, వల, ఐసు అన్నీ చివరకు ఆ ఒక్క నిర్ణయాన్ని సులభం చేసేవో, అసాధ్యం చేసేవో అవుతాయి.

పడవను ఎంచుకోవడం

ఉత్తరాంధ్ర తీరంలో తరతరాలుగా వాడుకలో ఉన్నది తేలిక కర్ర దుంగలను తాళ్ళతో కట్టిన తెప్ప. కెరటం దానిపై నుంచి పోయినా నీరు నిలవదు, మునగదు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం ఇసుక తీరంలో దిగగల ఇంజను పడవల నమూనాలను రూపొందించింది. ఒడ్డు సమీపించగానే పంకాను పైకెత్తుకొనే ఏర్పాటు ఆ ప్రయత్నాలలో ముఖ్యమైన అంశం. నేడు ఈ తీరంలో కనబడే ఫైబరు తెప్పలు, పొడుగు కాడ ఇంజను అమర్చిన ఫైబరు పడవలు ఆ రెండు సంప్రదాయాలకూ వారసులు.

హార్బరు లేని ఊరిలో పడవ బరువే మొదటి పరీక్ష. మామూలుగా వేటకు వచ్చే నలుగురైదుగురు మనుషులు, ఇంజను దించిన తరువాత, ఇసుకపై కదల్చలేనంత బరువైన పడవ ఎంత చౌకగా వచ్చినా కొనరాదు. ప్రతి రోజూ పక్క పడవల వారి సాయం కోసం చూడవలసిన యజమాని మంచి సమయాన్ని ఇతరుల వీలును బట్టి పోగొట్టుకుంటాడు.

పాత పడవ కొనేవారు రంగు చూసి మోసపోకూడదు. పడవను బోర్లించి, నాణెంతో అడుగుభాగాన్ని అంగుళం అంగుళం తట్టి చూడాలి. గట్టి ఫైబరు ఖంగుమంటుంది. పొరలు విడిన చోట శబ్దం మొద్దుబారి వినిపిస్తుంది. ఇంజను కూర్చునే వెనుక పలక వద్ద సన్నని గీతల వంటి పగుళ్ళు ఉంటే, ఇంజను అదురుకు లోపలి కర్ర చివికిందేమోనని అనుమానించాలి. చాలా పడవలలో మునగకుండా కాపాడే మూసిన గదులు ఉంటాయి. వాటిలో నీరు చేరిన పడవ బోల్తా పడినప్పుడు ఆధారం కాజాలదు. అందుచేత ఆ గదుల మూతలు విప్పించి లోపల చేయి పెట్టి చూడాలి. అమ్మేవాడు విప్పడానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ముగించడం మేలు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పడవను మత్స్యశాఖ ద్వారా రిజిస్టరు చేయించి, వేట లైసెన్సు పొంది, నంబరును పడవకు ఇరువైపులా కనబడేలా వ్రాయించాలి. ఇంజను అమర్చిన చిన్న పడవ నంబరులో ‘ఐఎన్‌డి – ఏపీ’ తరువాత జిల్లా సంకేతం, ఆ పిమ్మట ‘ఎంఓ’ అక్షరాలు ఉంటాయి. పాత పడవ కొన్నవారు రిజిస్ట్రేషను తమ పేరుకు మారేవరకు పూర్తి సొమ్ము చెల్లించకపోవడం మంచిది. డీజిలు రాయితీకీ, నిషేధకాలపు భృతికీ, బీమాకూ అన్నిటికీ మూలం ఆ నంబరే. లీటరుకు ఇచ్చే డీజిలు రాయితీని రాష్ట్ర ప్రభుత్వం 2019లో 9 రూపాయలకు పెంచింది. నిషేధకాలపు భృతి 2025లో 20,000 రూపాయలు అయింది. ఈ రెంటికీ రిజిస్టరు కాని పడవ యజమాని అర్హుడు కాడు. పడవపై వెళ్ళే ప్రతి మనిషి వద్ద మత్స్యకార గుర్తింపు కార్డు ఉండాలి.

కెరటాలు దాటడం

లోతు నీటిలో కెరటం ఉబ్బి దిగుతుంది తప్ప విరగదు. ఒడ్డు సమీపిస్తున్నకొద్దీ అడుగు నేల అడ్డుపడి, దాని ముందు భాగం నిటారుగా లేచి విరుచుకుపడుతుంది. స్థూలంగా కెరటం ఎత్తుకు ఒకటింబావు రెట్లకు కాస్త పైన లోతు ఉన్నచోట ఇది జరుగుతుంది. అంటే మీటరు ఎత్తు కెరటం దాదాపు 1.3 మీటర్ల లోతులో విరుగుతుంది. తీరానికి కొంత లోపల నీటి అడుగున ఇసుక గట్టు ఉంటే కెరటాలు ఒకసారి అక్కడ, మరల ఒడ్డు వద్ద విరుగుతాయి. ఈ గట్లు స్థిరమైనవి కావు. ఒక తుపాను వాటి చోటు మార్చివేస్తుంది. నిన్నటి దారి నేటి దారి కాకపోవచ్చునని ముసలి తండేళ్ళు అనడం ఊరికే కాదు.

కెరటాలు గుంపులుగా వస్తాయి. వరుసగా కొన్ని పెద్దవి వచ్చిన తరువాత కొంత విరామం ఉంటుంది. కొత్త యజమాని పడవను నీటి అంచున నిలిపి, కనీసం పావుగంటసేపు ఏమీ చేయక, కెరటాలను లెక్కించాలి. ఏ చోట నీరు తక్కువగా విరుగుతున్నదో, పెద్దవి ఎన్నిటి తరువాత విరామం వస్తున్నదో ఆ పావుగంటలో తెలుస్తుంది. విరామం మొదలు కాగానే పడవ ముక్కును కెరటానికి ఎదురుగా పెట్టి, ఆగకుండా దాటిపోవాలి. సగం దూరంలో సంశయించి వెనుదిరగడం అన్నిటికంటె ప్రమాదకరం. తిరిగే పడవ కెరటానికి అడ్డంగా దొరుకుతుంది.

ఈ లోపల పడవలో విడిగా ఏదీ ఉండరాదు. వలను గుట్టగా పేర్చి, దాని తాడు మడతలు ఎవరి కాళ్ళ కిందా లేకుండా చూసి, పైన గోనెపట్టా కప్పి బిగించాలి. పదునైన కత్తి ఒకటి అందరికీ తెలిసిన చోట, చేతికి అందేలా కట్టి ఉంచాలి. వేట మొత్తం లైఫ్ జాకెట్టు తొడుక్కోవడం ఎండకు కష్టమనే వాదన తరచు వినబడుతుంది. కనీసం వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ, కెరటాలు దాటే ఆ కొద్ది నిమిషాలైనా దానిని తొడుక్కోవడానికి ఎండ అడ్డు కాదు.

వెళ్ళడంకంటె తిరిగి రావడం కష్టం. వెళ్ళేటప్పుడు కెరటం ఎదురుగా కనబడుతుంది, వచ్చేటప్పుడు వెనుక నుంచి వస్తుంది. మనుషులు అలసి ఉంటారు. పడవలో చేపల బరువు ఉంటుంది. విరిగే చోటుకు బాగా బయటనే ఆగి, ఇంజను నడుస్తుండగానే, మరల కెరటాల గుంపులను లెక్కించాలి. గుంపులోని చివరి పెద్ద కెరటం కిందుగా సాగిపోయిన వెంటనే దాని వీపుపై, దానితో సమానమైన వేగంతో రావాలి. ముందుకు దూకితే పడవ ముక్కు కెరటం ముందరి పల్లంలో గుచ్చుకుంటుంది. వెనుకబడితే తరువాతి కెరటం వెనుక భాగాన్ని ఎత్తి పడవను పక్కకు తిప్పివేస్తుంది. ఆ తిరగడంలోనే పడవలు బోల్తా పడతాయి. బరువు అడుగున, నడిమికి కాస్త వెనుకగా ఉండాలి. ముక్కు వైపు ఎవరూ కూర్చోరాదు. వెనుక నుంచి పొడుగైన తాడును, దాని చివర ఒక గంపనో బరువైన గోనెసంచినో నీటిలో ఈడ్చుకుంటూ వస్తే పడవ అడ్డం తిరగకుండా కొంత నిలుస్తుంది.

బోల్తా పడినప్పుడు పడవకూ ఒడ్డుకూ మధ్య ఎవరూ ఉండరాదు. ఈ ఒక్క మాటను కొత్త కలాసీలకు పదేపదే చెప్పవలసి ఉంది. తరువాతి కెరటం పడవను ఎత్తి ఒడ్డువైపు విసురుతుంది. నీటిలో చచ్చిపోనివాడు పడవ దెబ్బకు పోతాడు. పడవకు సముద్రం వైపున ఉండి అంచును పట్టుకోవాలి. వల చిక్కుకుంటే వదిలించుకోవాలి, వలపై ఆశ వదులుకోవాలి.

తాండవ మొగ వంటి నది ముఖద్వారాల వద్ద మరొక చిక్కు ఉంది. పాటు సమయంలో నది నీరు వడిగా సముద్రంలోకి పోతూ ఎదురు వచ్చే కెరటాలను నిలువునా లేపుతుంది. విశాఖ తీరంలో అమావాస్య, పున్నమి రోజులలో కూడా పోటుపాటుల తేడా ఒకటిన్నర మీటరు లోపే. అయినా ఇరుకు మొగలో ఆ తేడా చాలు. మొగలోకి రావలసిన పడవ నీరు లోపలికి పారే పోటు సమయంలోనే రావడం క్షేమం. వర్షాకాలంలో పైన జలాశయం గేట్లు ఎత్తిన రోజున మొగ ముఖం చూడకపోవడమే మంచిది.

వెళ్ళకూడని రోజు

వాతావరణ శాఖవారి విశాఖపట్నం తుపాను హెచ్చరిక కేంద్రం నుంచి మత్స్యకారులకు హెచ్చరికలు వెలువడుతుంటాయి. గంటకు సుమారు 45 కిలోమీటర్లకు మించిన గాలులు వీస్తాయనుకున్నప్పుడు వేటకు వెళ్ళవద్దని అందులో చెబుతారు. ఇక్కడ కొత్త యజమానులు తరచు ఒక పొరపాటు చేస్తారు. హెచ్చరిక లేదు కనుక వెళ్ళవచ్చునని అనుకుంటారు. ఆ హద్దు ఎనిమిది మీటర్ల ఫైబరు పడవను మాత్రమే దృష్టిలో పెట్టుకొని గీసినది కాదు. చిన్న పడవకు దాని హద్దు అంతకంటె ఎంతో ముందే వస్తుంది.

హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే అందరూ ఇన్‌కాయిస్ అని పిలిచే సంస్థ, కెరటాల ఎత్తు, దిశ, రెండు కెరటాల నడుమ వ్యవధి, గాలి, నీటి వడులతో కూడిన సూచనలు ఇస్తుంది. వెడల్పు 7 మీటర్ల లోపు ఉన్న చిన్న పడవల కోసం ప్రత్యేక హెచ్చరికల సేవ కూడా ఉంది. ఈ సూచనలలో అందరూ ఎత్తును మాత్రమే చూస్తారు. వ్యవధిని చూడరు. ఒకే ఎత్తు కెరటాలలో ఎనిమిది సెకన్లకు ఒకటి వచ్చేదానికంటె పద్నాలుగు సెకన్లకు ఒకటి వచ్చేది ఎక్కువ శక్తిని మోసుకొస్తుంది. లోతులో అది కనబడదు, పడవ కింద మెల్లగా లేచి దిగుతుంది. ఒడ్డు దగ్గర మాత్రం హఠాత్తుగా నిలువెత్తు లేస్తుంది. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన ఇటువంటి ఉబ్బు కెరటాలు గాలి ఏమాత్రం లేని నిర్మలమైన రోజున కూడా వస్తాయి. 2024 మే ఆరంభంలో ఇన్‌కాయిస్ దేశ తీరాలకు ఇచ్చిన హెచ్చరిక ఇటువంటిదే. ఆకాశం చూసి నిర్ణయించేవారిని మోసగించే రోజులు ఇవే.

తుపాను రోజుల్లో మనుషులు ఒడ్డున ఉన్నంతమాత్రాన పని పూర్తి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు హార్బరులో కట్టివేసిన బోట్లు పెద్దసంఖ్యలో దెబ్బతిన్నాయి. చిన్న పడవ యజమానికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. అతని పడవను ఊరిలోకి లాక్కుపోవచ్చు. ఇంజను విప్పి ఇంటికి చేర్చవచ్చు. ఆ పని హెచ్చరిక వచ్చిన రోజునే చేయాలి. చివరి పూట తీరంలో లాగడానికి మనుషులు దొరకరు, ఎవరి పడవ వారు లాక్కుంటుంటారు.

ఎండాకాలపు చివరి రోజుల్లోనూ, సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లోనూ మధ్యాహ్నం పూట లేచే ఉరుముల మబ్బులు మరొక అపాయం. విశాలమైన నీటిపై పడవలోని మనిషే ఎత్తైన వస్తువు. పిడుగుల సమాచారానికి ‘దామిని’ అనే మొబైల్ యాప్ ఉంది. అయితే ఒడ్డుకు కొన్ని కిలోమీటర్లు దాటితే ఫోను పనిచేస్తుందన్న భరోసా లేదు. కనుక పడమటి కొండలపై మబ్బు నల్లబడటం చూసినప్పుడే వల ఎత్తడం మొదలుపెట్టాలి.

ఇవన్నీ తెలిసినా ఊరి అనుభవానికి బదులు కావు. ఉదయం తీరంలో నిలబడి తాత వరుస పెద్దాయన ఒకరు “ఇయ్యాల వద్దురా” అన్నాడంటే, అందుకు ఆయన కారణం చెప్పలేకపోయినా తొలి ఏడాది ఆ మాట వినాలి. పదిమంది పడవ తీయని రోజున ఒక్కడే వెళ్ళినవాడికి ఆపద వస్తే చూసేవారుండరు. ఆపద మాట వచ్చింది కనుక, తీరరక్షక దళం అత్యవసర నంబరు 1554, సముద్రతీర పోలీసులది 1093. ఈ రెండూ ఫోనులోనే కాక పడవ లోపలి అంచుమీద రంగుతో వ్రాసి ఉంచుకోవాలి. ఎటు వెళ్తున్నదీ, ఎన్నింటికి వస్తున్నదీ ఇంటివద్ద ఒకరికి చెప్పి, ఆ వేళ దాటిన ఎన్ని గంటలకు ఎవరికి ఫోను చేయాలో కూడా ముందే చెప్పి ఉంచాలి.

ఇంజను, ఇంధనం

చిన్న ఫైబరు పడవలకు సాధారణంగా తొమ్మిది పది హార్సుపవరు డీజిలు ఇంజను సరిపోతుంది. పూర్తి బలంతో నడిపితే తొమ్మిది హార్సుపవరు ఇంజను గంటకు సుమారు 2 లీటర్ల డీజిలు తాగుతుంది. డబ్బాను మూడు భాగాలుగా లెక్కించుకోవడం మంచి అలవాటు. మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మిగిలిన మూడోవంతు ముట్టుకోకుండా ఉంచడానికి. ఎదురు గాలిలో, ఎదురు నీటిలో తిరిగి రావలసివస్తే ఆ ముట్టుకోని భాగమే ఇంటికి చేరుస్తుంది. వేగాన్ని పదోవంతు తగ్గిస్తే అదే దూరానికి డీజిలు ఐదోవంతు దాకా మిగులుతుంది. పక్క పడవను దాటిపోవాలన్న పంతం కొత్త యజమానులకు ఇంత ఖర్చు తెచ్చిపెడుతుంది.

ఇంజను ఆగిపోవడానికి కారణాలు చాలావరకు చిన్నవే. డీజిలులో నీరు, మూసుకుపోయిన ఫిల్టరు, పంకాకు చుట్టుకున్న వల ముక్క. మార్చుకోవడానికి ఒక ఫిల్టరు, రెండు మూడు పానాలు, పంకా పిన్ను పడవలో ఉండాలి. వాటిని వాడటం యజమానికి ఒక్కడికే కాక మరొకరికి కూడా వచ్చి ఉండాలి. బాగు కాకపోతే మొదటి పని లంగరు వేయడం. దక్షిణాదికి పారే నీరు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ తీరం వెంట బలంగా ఉంటుంది. నీటి వడి గంటకు 2 కిలోమీటర్లే అనుకున్నా, ఒక రాత్రిలో పడవ 24 కిలోమీటర్లు కొట్టుకుపోతుంది. వెదికేవారు ఉదయం పెంటకోట ఎదుట వెదుకుతుంటే పడవ కాకినాడ వైపు సాగిపోతూ ఉంటుంది. లంగరు వేసిన పడవ వెదికిన చోట దొరుకుతుంది. అందువల్ల లంగరు తాడును వేటాడే చోటి లోతుకు నాలుగైదు రెట్ల పొడవు ఉంచుకోవాలి. తెడ్లు, ఒక చిన్న తెరచాప గుడ్డ, రెండు రోజుల తాగునీరు కూడా వేటకు వెళ్ళే ప్రతిసారీ ఉండవలసినవే.

వల, చేప, హద్దులు

తొలి ఏడాది అన్ని రకాల వలలూ కొనాలన్న ఆశ సహజం. అది అప్పును రెట్టింపు చేస్తుంది. ఒక్క రకం గిల్ వలతో మొదలుపెట్టి, ఒక ఋతువంతా దానిని తెలుసుకోవడం మేలు. గిల్ వలలో కన్ను పరిమాణమే చేపను ఎంచుతుంది. కానాగంతలకు సుమారు 50 మిల్లీమీటర్ల కన్ను అనువైనది. కవ్వళ్ళకు అంతకంటె చిన్నది, కోనాం వంటి పెద్ద చేపలకు ఎంతో పెద్దది కావాలి. ఒకే వలలో అన్నీ పట్టాలని సన్నకన్ను వల కొన్నవాడు ధర పలకని పిల్లచేపలను ఎత్తి, వాటిని విడిపించడానికి రోజంతా పోగొట్టుకుంటాడు. వెన్నెల రాత్రులలో నైలాను వలను చేప చూసి తప్పుకుంటుందని, చీకటి పక్షంలో వేట బాగుంటుందని ఇక్కడివారి అనుభవం.

ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల లభ్యతా ప్రాంతాల సూచన ఉపయోగపడుతుంది. ఉపగ్రహాలు కొలిచిన నీటి ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పచ్చదనాన్ని బట్టి, ఏ రేవు నుంచి ఏ దిక్కున ఎన్ని కిలోమీటర్ల దూరంలో, ఎంత లోతులో చేపలు గుమిగూడే అవకాశం ఉన్నదో అందులో తెలుపుతారు. మబ్బు కమ్మిన రోజుల్లో ఈ సూచన రాదు. వచ్చిన సూచన చిన్న పడవకు అందని దూరాన్ని చూపినప్పుడు దానిని చదివి మడిచి పెట్టుకోవాలి. డబ్బాలో డీజిలు అంత దూరానికి చాలనప్పుడు అక్కడ ఎన్ని చేపలున్నా అవి లేనట్టే.

ఉత్తరంగా పూడిమడక మత్స్యకారులు గాలాలతో పసుపురెక్కల సూరలను, కొమ్ముకోనాలను పట్టడంలో పేరుపొందారు. వారి రాబడి విని కొత్తవారు ఆశపడతారు. లోతు సముద్రంలో, పెద్ద చేపతో చేసే ఆ వేట వేరే విద్య. గాలపు తాడును చేతికి చుట్టుకోరాదన్న ఒక్క నియమం మరచిన క్షణంలో మనిషి నీటిలోకి పోతాడు. మొదట రెండేళ్ళు అనుభవజ్ఞుల పడవపై వెళ్ళకుండా సొంత పడవను ఆ వేటకు తిప్పరాదు.

రాష్ట్రంలో 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం క్రింద తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న నీరు సంప్రదాయ మత్స్యకారులకు కేటాయించబడింది. పెద్ద మరబోట్లు ఆ హద్దు లోపలకు రావడం చట్టవిరుద్ధమైనా, చిన్న పడవల వలలను అవి తెంపుకుపోయిన సందర్భాలు తీరమంతా వినబడతాయి. రాత్రివేళ వల రెండు కొసలకూ దీపం, పడవలో స్పష్టంగా కనబడే మరొక దీపం పెట్టడం తప్ప కొత్త యజమాని చేతిలో ఉన్న రక్షణ మరొకటి లేదు. ఊళ్ళ మధ్య ఒప్పందాలు కూడా చట్టమంత బలమైనవి. 2022 జనవరిలో రింగు వలల విషయమై విశాఖ తీరంలో మత్స్యకార గ్రామాల మధ్య రేగిన ఘర్షణలో పడవలు తగులబడ్డాయి. ఏ వల ఎక్కడ వేయవచ్చునో ఊరి పెద్దలను అడిగిన తరువాతే వల కొనాలి.

జనవరి నుంచి మార్చి వరకు ఈ తీరానికి గ్రుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వలలో చిక్కితే ప్రాణంతో వదలాలి. అవి చట్టం పూర్తి రక్షణ ఇచ్చిన జీవులు. తిమింగల సొర కూడా అంతే. 2021 డిసెంబరులో తంతడి తీరానికి చేరిన ఒక తిమింగల సొరను మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి సముద్రంలోకి తిరిగి పంపారు.

ఐసు

చేపకు ధర నిర్ణయమయ్యేది ఒడ్డున కాదు, పడవలో. ఈ ఎండల్లో పట్టిన చేపకు సమానమైన బరువు ఐసు కావాలి. ఇరవై కిలోల ఐసు ఖర్చు అనవసరమని భావించి, మధ్యాహ్నానికి మెత్తబడిన కానాగంతలను వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చి రావడం ఈ తీరంలో మామూలు దృశ్యం. సూర, కానాగంత వంటి ఎర్రకండ చేపలు చల్లబరచకపోతే వాటిలో హిస్టమిన్ ఏర్పడుతుంది. తరువాత వండినా అది పోదు, తిన్నవారికి దద్దుర్లు, తలనొప్పి కలిగిస్తుంది. పగులగొట్టిన ఐసును అడుగున, నడుమ, పైన పొరలుగా వేయాలి. కరిగిన నీరు పోయే దారి ఉండాలి. ఐసు పెట్టె ఉన్నవాడికి మరొక లాభం ఉంది. మొదట వచ్చిన వ్యాపారికే అమ్మవలసిన తొందర అతనికి లేదు.

అప్పు లెక్క

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద సంప్రదాయ మత్స్యకారులకు పడవ, వలలకు కలిపి 5 లక్షల రూపాయల యూనిట్ వ్యయం నిర్ణయించారు. అందులో సాధారణ వర్గాలకు 40 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగలు, మహిళలకు 60 శాతం రాయితీ. ఉదాహరణకు 40 శాతం రాయితీ పోగా మిగిలిన 3 లక్షలను ఒకరు 12 శాతం వడ్డీతో ఐదేళ్ళకు అప్పుగా తీసుకున్నాడనుకుందాం. నెల వాయిదా సుమారు 6,700 రూపాయలు, ఏడాదికి 80,400. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను పడవలకు వేట నిషేధం. వాయిదాకు మాత్రం ఆ నిషేధం లేదు. మిగిలిన పది నెలల్లో నెలకు 25 రోజులు వెళ్తానని లెక్క వేసుకున్నవాడికి ఒక్కో వేటపై పడే అప్పు భారం 322 రూపాయలు. కెరటాలు, గాలి, ఇంజను మరమ్మతు, పండుగలు, చావులు పోగా నెలకు 15 రోజులని లెక్క వేసుకున్నవాడికి అది 536 రూపాయలు.

డీజిలు, ఐసు ఖర్చులు తీసి, కలాసీల వాటాలు పంచిన తరువాత, పడవ వాటాగా మిగిలినదానిలో నుంచి ఈ 536 రావాలి. వచ్చే అవకాశం ఉన్నదని ఊరిలోని పాత యజమానుల లెక్కలు చూసి నిర్ధారించుకున్నప్పుడే కొనాలి. 25 రోజుల లెక్కతో కొన్నవాడు ఏదో ఒక నెలాఖరున, పెద్దాయన వద్దన్న రోజున, వాయిదా గుర్తుకు వచ్చి పడవను నీటిలోకి తోస్తాడు. తీరంలో ప్రమాదాలను గాలి మీదికీ కెరటం మీదికీ తోసివేస్తారు గాని, కొన్నిటి వెనుక ఈ కూడికలో వచ్చిన తప్పు ఉంటుంది.

వ్యాపారి ఇచ్చే అడ్వాన్సు మరింత సూక్ష్మమైన కట్టుబాటు. దానికి కాగితం ఉండదు, వడ్డీ ఉండదు. చేప మాత్రం ఆయనకే, ఆయన చెప్పిన ధరకే వేయాలి. వేటకు వెళ్ళని రోజుకు ఆయనకు జవాబు చెప్పాలి. ఇంధనానికీ ఐసుకూ కావలసిన చిన్న మొత్తాలకు మత్స్యకారులకు కూడా వర్తింపజేసిన కిసాన్ క్రెడిట్ కార్డు తీసుకోవడం మేలు. సకాలంలో చెల్లించినవారికి నిర్ణీత పరిమితి వరకు వడ్డీ 4 శాతమే పడుతుంది. ప్రమాద బీమాకు మత్స్యకారులు ప్రీమియం చెల్లించనవసరం లేదు. మరణానికి, పూర్తి శాశ్వత అంగవైకల్యానికి 5 లక్షల రూపాయల పరిహారం ఉంది. పడవపై వెళ్ళే ప్రతి కలాసీ పేరూ అందులో నమోదు అయిందో లేదో చూడటం యజమాని బాధ్యత. చాలామంది తమ పేరు మాత్రమే చూసుకుంటారు.

ఎప్పుడు నీటిలోకి దింపాలి

నిషేధం ముగిసిన జూన్ 15 ఉదయం తీరమంతా పండుగ. కొత్త పడవలు కూడా ఆ రోజునే దిగాలని కొనేవారు తొందరపడతారు. అప్పటికి నైరుతి ఋతుపవనపు ఉబ్బు కెరటాలు మొదలై ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. సముద్రం అన్నిటికంటె శాంతంగా ఉండేది జనవరి నుంచి మార్చి వరకు. పడవను డిసెంబరు చివరకు సిద్ధం చేసుకొని, ఆ మూడు నెలలూ ఒడ్డు కనబడే దూరంలోనే వేటాడుతూ, కెరటాలు దాటడాన్ని వందసార్లు అభ్యాసం చేసినవాడు, ఆ తరువాత వచ్చే 61 రోజుల నిషేధంలో పడవను బోర్లించి, ఏ చోట అరిగిందో, ఏ ముడి జారిందో చూసి బాగు చేసుకోవచ్చు. ఇంజను విప్పి మెకానిక్కు పక్కన కూర్చోవడానికీ, విశాఖపట్నంలోని కేంద్ర మత్స్య నావిక, ఇంజనీరింగు శిక్షణ సంస్థలోనో కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థలోనో చిన్న శిక్షణలకు అవకాశం ఉందేమో మత్స్యశాఖ కార్యాలయంలో విచారించడానికీ అదే సమయం. భృతి కోసం పడవలను, కలాసీలను లెక్కించే సిబ్బంది కూడా నిషేధం మొదలైన రోజుల్లోనే తీరానికి వస్తారు. ఆ వేళ పడవ ఊరిలో, నంబరు కనబడేలా ఉండాలి.